చెయ్యి కలపని బేరం

ఆఫ్కె తన జన్మలో ఒక్క బేరంలోనూ ఓడిపోలేదు. ఈ మాట ఆవిడే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. మొగుడు వొబ్బె బతికున్న రోజుల్లో వాళ్ళకి పెద్ద పాడి ఉండేది. ఆవుల్ని కొన్నా అమ్మినా బేరం మాత్రం ఆవిడదే. ఫ్రీస్‌లాండ్ పల్లెల్లో పశువుల బేరం నోటితో సగం, చేత్తో సగం. అమ్మేవాడు అరచెయ్యి చాపుతాడు. కొనేవాడు తన ధర చెప్పి దాని మీద ఫెడీమని ఒకటి కొడతాడు. అమ్మేవాడు తల అడ్డంగా ఊపి, తన ధర చెప్పి తిరిగి కొడతాడు. అరచేతులు ఎర్రబడేదాకా అలా కొట్టుకుని, చివరికి ఒకరి చెయ్యి ఒకరు బిగించి పట్టుకుంటే బేరం తెగినట్టు. దానికి కాగితం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. కలిపిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడికి ఆ చుట్టుపక్కల మళ్ళీ ఎవరూ దూడని కూడా అమ్మరు. వొబ్బె మెతక మనిషి, రెండో దెబ్బకే చెయ్యి పట్టేసుకునేవాడు. అందుకని ఆయన్ని వెనక్కి నెట్టి ఆఫ్కె ముందుకొచ్చేది.

వొబ్బె పోయాక ఆవులూ పోయాయి. అంత పెద్ద ఇంట్లో గోడగడియారం తప్ప మాట్లాడేదే లేకుండా పోయింది. ఒక చిలుకైనా ఉంటే బాగుండునని ఆవిడకి తోచింది. కాలువ అవతలి ఊళ్ళో రెన్స్కె అనే ఆవిడ దిక్కులేని చిలుకల్ని చేరదీస్తోందని విని, ఒకరోజు పొద్దున్నే ఖాళీ పంజరం ఒకటి వెంటబెట్టుకుని మరీ వెళ్ళింది.

రెన్స్కె పాత గొడ్లసావిడిని చిలుకలశాలగా మార్చింది. అందులో ఉన్నవన్నీ ఎవరో ఒకరు ముచ్చటపడి కొని, విసుగొచ్చి వదిలేసినవే. చిలుక యాభై అరవై ఏళ్ళు బతుకుతుందని, పొద్దున్నే కొంప కూలిపోయేట్టు అరుస్తుందని, సోఫా కొరుకుతుందని కొనేటప్పుడు ఎవరూ అనుకోరు. ఆఫ్కె చేతిలో పంజరం చూసి రెన్స్కె నవ్వలేదు, కోప్పడలేదు.

"చిలుక నీకు కావాలి, సరే. చిలక్కి నువ్వు కావాలో వద్దో చూద్దాం. ఇక్కడ మనుషులు చిలుకల్ని ఎంచుకోరు, అవే మనుషుల్ని ఎంచుకుంటాయి. అందాకా ఇది పట్టుకో," అని చేతికి చీపురు ఇచ్చింది.

ఆఫ్కెకి ఒళ్ళు మండిపోయింది. పక్షుల మీద ప్రేమతో వస్తే పాచిపని చెబుతుందేమిటి ఈవిడ? అయినా చీపురు వదిలి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆ రోజు ఊడ్చింది, మర్నాడూ వచ్చి ఊడ్చింది. మెల్లిగా మిగతా పనులూ మీద పడ్డాయి. కాలువగట్టు మీద విల్లో కొమ్మలు నరికి తేవాలి. చిలక్కి పొద్దస్తమానం చీల్చడానికి కర్ర దొరక్కపోతే తన ఈకలే పీక్కుంటుంది. చిక్కుళ్ళూ మొక్కజొన్నా ఉడకబెట్టాలి. మనిషిని పోగొట్టుకుని మూలన ముడుచుకున్నవాటి పక్కన కూర్చుని పేపరు పైకి చదవాలి. వాటికి ధరల వార్తలైనా ఒకటే, చావు వార్తలైనా ఒకటే, మనిషి గొంతు వినపడితే చాలు. పది గంటలకి కాఫీ, దాంతో ఒక్క బిస్కెట్టు, వెంటనే డబ్బా మూత. కొన్ని నెలలు గడిచినా ఒక్క చిలుకా ఆవిడని ఎంచుకోలేదు. ఒకటి మాత్రం చెవితమ్మె కొరికింది.

అలాంటి రోజుల్లో ఆఫ్కె పట్నంలో పక్షుల సంతకి వెళ్ళింది. నెలకోసారి పాత పశువుల సంతశాలలోనే అది జరుగుతుంది. ఆవుల్ని కట్టే ఇనపకడ్డీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటికి ఇప్పుడు పంజరాలు వేలాడతాయి. చివరి మూలలో గెర్బెన్ కనపడ్డాడు. ఒకప్పుడు దూడల వ్యాపారం చేసేవాడు, ఆఫ్కె చేతి దెబ్బలు చాలానే తిన్నాడు. అతని బల్ల మీద ఒకే పంజరం, అందులో ఒక బూడిదరంగు చిలుక. ఎదంతా తనే పీక్కుని, కొట్లో వేలాడదీసిన కోడిలా బోడిగా ఉంది. దానికి తిరగడానికి కూడా చోటు లేదు. ఉండుండి ముసలాయన దగ్గినట్టు దగ్గుతోంది.

ఆఫ్కె ధర అడిగింది. గెర్బెన్ చెయ్యి చాపాడు, ఆవిడ ఫెడీమని కొట్టింది. అతను కొట్టాడు, ఆవిడ కొట్టింది. చుట్టూ జనం మూగారు. చివరికి సగానికి సగం ధర దించి, చెయ్యి బిగించి పట్టి, పంజరాన్ని కారులో ముందుసీట్లో పెట్టి బెల్టు కట్టి, నేరుగా రెన్స్కె దగ్గరికి తోలుకొచ్చింది. ఒక ప్రాణం కాపాడానన్న సంతోషం ఒకవైపు, సగానికే కాపాడానన్న సంతోషం ఇంకోవైపు.

రెన్స్కె ముందు చిలుకని చూసింది. దాని ఊపిరి విని, నీళ్ళు పట్టి, వెచ్చని మూలలో పెట్టింది. తర్వాత ఆఫ్కె వైపు తిరిగి, ఎక్కడ కొన్నావని అడిగింది. ఆఫ్కె బేరం కథంతా చేతులు ఊపుతూ చెప్పింది. రెన్స్కె మొహంలో మెప్పు లేదు.

"వచ్చే నెల మళ్ళీ వెళ్ళు. అదే మూలకి. చూసిరా," అంది. 

ఆఫ్కె మొహం మాడిపోయింది. ఇంటికెళ్ళి గడియారంతో పోట్లాడింది. అయినా నెల తిరిగేసరికి వెళ్ళింది.

అదే మూల, అదే బల్ల, అదే పంజరం. అందులో ఇంకో బూడిదరంగు చిలుక, దీని ఎదా బోడే. ఆఫ్కెని చూడగానే కడ్డీల దగ్గరికి జరిగి, తల వంచి, ఎవరో పెద్దావిడ గొంతుతో, "రా మరి, రా బంగారం," అంది. ఆ వెంటనే టీ కెటిల్ మరిగినట్టు సన్నగా ఈల వేసింది. ఎవరింట్లోనో ఎన్నో ఏళ్ళు సాయంత్రం సాయంత్రం వినిపించిన పిలుపది. పిలిచిన మనిషి ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో.

"వచ్చారా అమ్మగారూ? మీలాంటివాళ్ళు వస్తారనే దీన్ని ఉంచా," అన్నాడు గెర్బెన్.

పాత పరిచయం కాబట్టి అతను దాపరికం లేకుండా తన కిటుకు చెప్పుకున్నాడు. నిగనిగలాడే చిలుకల్ని తెస్తే జనం చూసి వెళ్ళిపోతారట. ఇలాంటిదాన్ని తెస్తే మాత్రం మధ్యాహ్నం లోపు ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటూ కొనేస్తారట. పైగా ఇవి తనకి ఊరికే వస్తాయి. అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో చేర్చిన పిల్లలకి ఇంట్లో చిలుకని ఏం చెయ్యాలో తెలీదు. మంచి ఇల్లు చూసి ఇస్తానంటే దణ్ణం పెట్టి మరీ అప్పగిస్తారు. చిన్న పంజరంలో కొన్నాళ్ళు ఒంటరిగా ఉంచితే ఈకలు అవే పీక్కుంటాయి. అదంతా చెప్పి గెర్బెన్ నవ్వుతూ అరచెయ్యి చాపాడు.

ఆఫ్కె చెయ్యి దానంతటదే లేచింది. నలభై ఏళ్ళ అలవాటు, చాపిన అరచెయ్యి కనపడితే ఆ చెయ్యి ఆగదు. చిలుక మళ్ళీ "రా బంగారం" అంది. గాలిలో సగం దాకా లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పోయిన నెల తను కాపాడింది ఏమీ లేదని ఆవిడకి అప్పుడు అర్థమైంది. తను పంజరం ఖాళీ చేసిపెట్టింది, ఇతను నింపుకున్నాడు. దీని ఎద మీద ఈకలు పీకిన చేతుల్లో తన చెయ్యి కూడా ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తర్వాత కోపం వచ్చింది, కాలి వేళ్ళ దాకా వచ్చింది.

చెయ్యి దించి కోటు జేబులో పెట్టుకుంది. తిన్నగా క్యాంటీనుకి వెళ్ళి, అడక్కుండా ఒక కుర్చీ లాక్కొచ్చి, పంజరం పక్కనే వేసుకుని కూర్చుంది. సంచిలోంచి అల్లిక తీసింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు గెర్బెన్.

"మేజోళ్ళు అల్లుతున్నా. నీక్కాదులే."

ఆ రోజంతా ఆ బల్ల దగ్గర ఆగిన ప్రతి మనిషికీ ఆవిడ సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు, తిట్టలేదు. కొనకండి అంది. ఎందుకో చెప్పింది. సంత పెద్దమనిషి వచ్చి, ఇక్కడ కూర్చోకూడదమ్మా అన్నాడు. లోపలికి రావడానికి టికెట్టు కొన్నానంది. కుర్చీ టికెట్టులో లేదన్నాడు. సరేనని లేచి నిలబడి అల్లడం మొదలెట్టింది. మోకాళ్ళు అరిగిన మనిషి నిలబడి అల్లుతుంటే ఎదురుబల్ల మీద పిచ్చుకలంత పచ్చపిట్టలమ్ముకునే ముసలాయన చూడలేక తన పీట తెచ్చి వేశాడు. పీట సంగతి టికెట్టులో ఏముందో ఎవరికీ తెలీదు.

మధ్యాహ్నం సిబ్రెన్ వచ్చాడు. పడవలు వచ్చినప్పుడు కాలువ వంతెన ఎత్తే పని అతనిది, ఎత్తుగా ఉంటాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. చిలుక పిలవగానే మనిషి కరిగిపోయాడు. కళ్ళు తడి చేసుకుని పర్సు తీశాడు. గెర్బెన్ చెయ్యి చాపాడు. ఆఫ్కె లేచి ఇద్దరి మధ్యా నిలబడింది.

"మీరు కొంటే ఇది బతుకుతుంది, నిజమే. వచ్చే నెల ఇదే పంజరంలో ఇంకోటి కూర్చుంటుంది. పోయిన నెల నేను కొన్నాను. ఆ ఖాళీలోనే ఇది వచ్చి కూర్చుంది. రేపు మీరు చేసే ఖాళీలో ఏది కూర్చోవాలి?"

"దీని బాధ మీకు కనపడ్డం లేదా? మీకు గుండె ఉందా అసలు?" అన్నాడు సిబ్రెన్.

"ఉంది. ఉండబట్టే ఇక్కడ కూర్చున్నా. మీకూ ఉంటే మంగళవారం కాలువగట్టుకి రండి, కొమ్మలు కొయ్యాలి."

అతను ఎర్రబడ్డ మొహంతో పర్సు మూసి వెళ్ళిపోయాడు. సంత ముగిశాక గెర్బెన్ పంజరాన్ని వ్యానులో పడేసి తలుపు వేసుకున్నాడు. తలుపు లోపల్నించి కూడా "రా మరి" అన్న పిలుపు వినపడింది. ఆఫ్కె తన కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. వొబ్బె పోయినప్పుడు కూడా జనం ముందు కన్ను తడవని మనిషి.

అది చచ్చిపోతే చంపింది నేనే కదా అని రెన్స్కెని అడిగింది. ఓదార్పు కోసం అడిగింది. రెన్స్కె దగ్గర దొంగ ఓదార్పులు దొరకవు.

"చావొచ్చు. నేనేం మాటివ్వలేను. నువ్వు కొంటే ఇది బతికేది, దీని వెనకాల వచ్చేవి ఎన్ని చస్తాయో మాత్రం మనకి కనపడేది కాదు. కనపడేదాని కోసమే ఏడుస్తాం కదా అందరం," అని ఆవిడ చేతికి చిక్కుళ్ళ గిన్నె ఇచ్చింది.

మంగళవారం సిబ్రెన్ రంపం పట్టుకుని కాలువగట్టుకి వచ్చాడు. ఆఫ్కె వైపు చూడలేదు. ఎక్కడ కొయ్యాలని మాత్రం అడిగాడు. సాయంత్రానికి అతనితో కలిసి ఉప్పేసిన నల్ల మిఠాయి నములుతూ ఆఫ్కె కథంతా చెప్పింది. చివరంటా విని అతను ఒక్కటే అన్నాడు: ఆ పెద్దవాళ్ళ పిల్లలు చిలుకల్ని గెర్బెన్ చేతిలో పెడుతున్నది అతను ముందు దొరుకుతున్నాడు కాబట్టి, మనం ముందు దొరికితే సరి. మర్నాటి నుంచి వంతెన దిగి వచ్చాక సైకిలేసుకుని వృద్ధాశ్రమాల చుట్టూ తిరిగాడు. అంత మాటకరువు మనిషి వంటవాళ్ళతో, నర్సులతో, జుట్టు కత్తిరించే అమ్మాయిలతో మాట్లాడాడు. చిలుకని వదిలి రావలసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే రెన్స్కెకి ఒక్క ఫోను చెయ్యమన్నాడు. ఫోన్లు రావడం మొదలైంది. రెన్స్కె సావిడి నిండింది. చోటు చాలక, పెద్ద పంజరాలు ఉన్న నమ్మకమైన ఇళ్ళు వెతికి, తన పద్ధతిలోనే, చిలుకే మనిషిని ఎంచుకునే పద్ధతిలోనే ఒక్కొక్కటీ పంపింది.

ఆ తర్వాతి సంతకి ఆఫ్కె వెళ్ళి నేరుగా ఆ మూలకే నడిచింది. చిలుక బతికే ఉంది. చిక్కిపోయింది. ఆవిడని చూసి మెల్లిగా జరిగి వచ్చి, ఈసారి మాట్లాడకుండా ఈల మాత్రం వేసింది. ఆఫ్కె జేబులో బేరానికి సరిపడా డబ్బుంది, దాన్ని ఇంటి దగ్గరే వదిలి రానందుకు తనని తాను తిట్టుకుంది. పీట మీద కూర్చుని అల్లిక తీసింది. ఆ రోజు పక్కన సిబ్రెన్ నిలబడ్డాడు, రెన్స్కె నిలబడింది. ఎవరూ కొనలేదు. పంజరం మళ్ళీ వ్యానెక్కింది.

గెర్బెన్ ఊరుకునే రకం కాదు. ఆమె వల్ల నష్టపోతున్నానని సంత పెద్దమనిషి చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. ముసలమ్మకి మతి చలించిందని పది మందికి చెప్పాడు. ఒకరోజు ఊళ్ళో ఎదురుపడి, మళ్ళీ వస్తే చిలుక మెడ విరిచి నీ గుమ్మంలో పడేస్తానన్నాడు.  ఆఫ్కె తిన్నగా అతని మొహంలోకి చూసింది.

"విరిచెయ్యి. నువ్వు విరిచావని అందరికీ చెబుతా. అప్పుడు నీకు చిలుకని కాదు, కోడిపిల్లని కూడా ఎవరూ అప్పగించరు."

ఆ పై నెల సంతలో మూల బల్ల మీద మళ్ళీ ఆ చిలుకే ఉంది. కొత్తవి అతనికి దొరకలేదు. ఆ రోజు వానకి జనం సంతశాలలోనే కిటకిటలాడారు. వచ్చినవాళ్ళంతా ఆ మూలకే వచ్చి ఆఫ్కె మాట వినిపోతున్నారు. మిగతా బల్లలవాళ్ళకి అది నచ్చలేదు. వినిపోయేవాళ్ళు తమ పంజరాల వైపు కూడా అదోలా చూస్తున్నారు. చివరికి పచ్చపిట్టల ముసలాయనే లేచి, నీ పాపం మా మీద రుద్దకు, దాన్ని వదిలించుకో అని గెర్బెన్ మొహం మీదే అన్నాడు. ఇంకో నలుగురు వంత పాడారు.

గెర్బెన్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆఫ్కె ఎదురుగా నిలబడ్డాడు. అరచెయ్యి చాపాడు. మొదటి చిలుకని ఆవిడ కొన్న ధరే చెప్పాడు. ఆఫ్కె సూదులు ఆపలేదు. అందులో సగం అన్నాడు. ఆవిడ కుట్లు లెక్కపెట్టుకుంటోంది. ఇంకా దించాడు. దెబ్బ పడని అరచెయ్యి గాలిలో వేలాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా పశువుల సంతలో పుట్టి పెరిగినవాళ్ళు. చాపిన చేతిని అంతసేపు అలా వదిలెయ్యడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. సంతశాలలో మనుషుల మాటలు ఆగిపోయాయి, పిట్టల గోలే మిగిలింది.

"ఒక్క యూరో," అన్నాడు గెర్బెన్.  "మీ కోటు జేబులో ఉంటుంది కదా, సూపర్ మార్కెట్లో సామాన్ల బండి గొలుసు విడిపించడానికి పెట్టే నాణెం. అది పారెయ్యండి చాలు. నాకు మర్యాద దక్కుతుంది, మీకు చిలుక దక్కుతుంది."

నాణెం జేబులోనే ఉంది. ఆ దేశంలో ఎవరి కోటు జేబులో లేదు? చిలుక కడ్డీకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పారేస్తే పోయేదేముంది అని ఆఫ్కెకి అనిపించింది, నిజంగానే అనిపించింది. వేళ్ళు జేబు వైపు వెళ్ళాయి. ఒక్క నాణెమైనా ధర ధరే. ఆ నాణెం చాలు, వచ్చే నెల ఇతను ఇదే బల్ల మీద ఇంకో బోడి చిలుకని పెట్టి, మొండి ముసల్ది కూడా చివరికి కొంది అని చెప్పుకోవడానికి.

"ఇవ్వను," అంది.

"ఏయ్ ముసలమ్మా, అయితే ఊరికే తీసుకుపో," అని గెర్బెన్ అరిచాడు. అరిచాక కూడా చెయ్యి దించలేదు. "చెయ్యి కలుపు. ఇక్కడితో అయిపోయిందనుకుందాం."

ఆఫ్కె అల్లిక సంచిలో పెట్టుకుంది. మోకాళ్ళు పట్టుకుని లేచింది. అతని అరచేతిని పక్కనించి దాటుకుని వెళ్ళి, రెండు చేతులతో పంజరం ఎత్తుకుంది.

"చెయ్యి కలిపితే బేరం అయినట్టు. నీకూ నాకూ మధ్య బేరమే లేదు, గెర్బెన్," అంది.

జనం దారి వదిలారు. గెర్బెన్ ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి తన ప్యాంటుకే తుడుచుకున్నాడు. బయట సిబ్రెన్ తన వానకోటు విప్పి పంజరం మీద కప్పాడు. దారంతా లోపల్నించి కెటిల్ ఈల వినిపిస్తూనే ఉంది.

చలికాలం పోయేసరికి దాని ఎద మీద మెత్తటి బూడిదరంగు నూగు వచ్చింది. ఆఫ్కె రోజూ దాని పక్కన కూర్చుని పేపరు చదివింది, యాపిల్ కొమ్మలు ఏరి ఏరి తెచ్చింది. ఒకరోజు పంజరం తలుపు తెరిస్తే అది బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, ఎగిరి వెళ్ళి సిబ్రెన్ భుజం మీద కూర్చుంది. "రా బంగారం" అని అతని చెవిలోనే అంది. ఆఫ్కెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత మొండితనం చేసి తెచ్చింది తనైతే, అది ఎంచుకుంది వంతెనవాణ్ణి. రెన్స్కె బిస్కెట్ల డబ్బా తెరిచి, ఆవిడ ముందు రెండో బిస్కెట్టు పెట్టింది. ఆ సావిడిలో అంతకుముందు ఎవరికీ రెండో బిస్కెట్టు దక్కలేదు.

ఆ నెల సంతకి ఆఫ్కె మామూలుగానే టికెట్టు కొనుక్కుని వెళ్ళింది. మూలన బల్ల కూడా లేదు. ఇనపకడ్డీ, దాని కింద తుడిచిన నేల. పచ్చపిట్టల ముసలాయన చెప్పక్కర్లేకుండానే పీట తెచ్చి వేశాడు. ఆవిడ ఆ ఖాళీకి ఎదురుగా కూర్చుని, కొత్త మేజోడు మొదలెట్టింది.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ ఆగి, ఖాళీ మూలనీ ఈవిడనీ మార్చి మార్చి చూసి, ఇక్కడేం అమ్ముతారని అడిగింది.

"ఏమీ అమ్మరు," అంది ఆఫ్కె. "దానికే కాపలా ఉన్నా."